శ్రీరాంసాగర్ బాతుల బోర్డు: టిబెట్ దాకా ఎంత కొవ్వు? పెయింటర్‌కు ఇచ్చే ముందు తప్పులు చూడుండ్రి

చెరువుగట్టు

అందరికీ నమస్తే. శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డుకు చలికాలంల వచ్చే పట్టెతల బాతుల మీద, అదే బార్ హెడెడ్ గూస్, ఒక రేకు బోర్డు పెడుతున్నం. రాసుకున్న ముక్కలు ఇవి:

1. ఈ బాతులు ఎవరెస్టు శిఖరం మీదికెల్లి ఎగిరొస్తయి.
2. వీ ఆకారంల పోతే 70 శాతం శక్తి మిగులుతది.
3. బయల్దేరే ముందు ఒళ్లు తగ్గించుకొని తేలికైతయి.
4. దారిల రెక్కలు ఆపి గాలి మీద తేలుకుంట పోతయి.
5. ఇక్కడికెల్లి టిబెట్ చెరువుల దాకా పోను ____ గ్రాముల కొవ్వు ఖర్చయితది.

ఐదోదాంట్ల ఖాళీ నింపాలె. మిగతావాట్ల తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పుండ్రి.

రెక్కలెక్క

అన్నా, మూడోది తలకిందులైంది. వలసకు ముందు పక్షి ఒళ్లు చేస్తుంది, తగ్గదు. కొన్ని వారాల ముందు నుంచే ఆకలి విపరీతంగా పెరిగి, తిన్నది చర్మం కింద, పొట్టలో కొవ్వుగా చేరుతుంది.

కొవ్వే ఎందుకంటే, గ్రాము కాలితే దాదాపు 39 కిలోజౌళ్లు వస్తాయి. కండలో ముప్పావు వంతు నీళ్లే కాబట్టి గ్రాము కండ కరిగితే వచ్చేది 5 కిలోజౌళ్లు. గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే చక్కెర రూపం) కూడా నీళ్లు పట్టుకునే ఉంటుంది, నిల్వ ఉన్న రూపంలో గ్రాముకు 4 దగ్గరే. 300 గ్రాముల కొవ్వు ఇచ్చే శక్తిని గ్లైకోజెన్ రూపంలో మోయాలంటే దాదాపు 2.9 కిలోలు కావాలి. బాతు బరువే రెండున్నర కిలోలు!

మనిషి గట్టిగా పరుగెడితే కండరం కొవ్వును వదిలి చక్కెర వైపు మళ్లుతుంది, ఎందుకంటే నిల్వ కొవ్వు రక్తంలోంచి కండరం లోపలికి చేరే వేగం మనలో చాలదు. వలస పక్షి రొమ్ము కండలో కొవ్వు ఆమ్లాలను పట్టి మోసే ప్రోటీన్ మెండుగా ఉంటుంది, వలస కాలంలో ఇంకా పెరుగుతుంది. అందుకే అంత తీవ్రమైన పనిని గంటల తరబడి ప్రధానంగా కొవ్వు మీదే లాగగలదు.

కందనకాయ

మూడోదాంట్ల సగం నిజముంది, పూర్తిగ కొట్టేయకుండ్రి. ఒళ్లు మొత్తం తగ్గదు గని లోపలి సామాను తగ్గుతది. నా పేరుకు తగ్గట్టు నేనే చెప్పాలె.

బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే ఉల్లంకి జాతి పిట్ట అలాస్కా నుంచి న్యూజిలాండ్ దాకా దిగకుండ పోతది. అలాస్కాల బయల్దేరే టైముకు చచ్చిన పిల్ల పిట్టలను కోసి చూస్తే బరువుల 55 శాతం దాకా కొవ్వే. కందనకాయ, కార్జం, మూత్రపిండాలు, పేగులు మాత్రం బాగా చిన్నగైనయి. తొవ్వల తిండి లేనప్పుడు గ్రైండర్‌ను మోసుడెందుకు?

దీనికి ఇంకో కొస ఉన్నది. దిగినంక ఆ పేగులు మళ్ల పెరగాలె. దిగిన మొదటి ఒకటి రెండు రోజులు ఎంత తిండి ముందరున్నా బరువు సరిగ ఎక్కదు. తినే నోరు ఉన్నది, అరిగించే పేగు లేదు. రెండో రోజు దాటినంకనే స్పీడు అందుకుంటది. కాబట్టి దిగిన చోట మొదటి రెండు రోజులు పిట్టను లేపుడు అన్నిటికన్న ఎక్కువ నష్టం.

గోదారిగాలి

నాలుగోది బాతులకు కాదు, రాబందులకు రాయాల్సింది. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు పొద్దున ఎనిమిదింటికి రెక్క విప్పవు. నేల వేడెక్కి, పదింటి తర్వాత వేడిగాలి బుగ్గలు లేచాకనే గుట్ట మీద నుంచి ఎగురుతాయి. బుగ్గలో గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం, అక్కడి నుంచి వాలుగా జారుతూ ఇంకో బుగ్గ పట్టడం. రాబందులకు గుండె కొట్టుకునే లెక్క పెట్టి చూస్తే, ఎగిరిన పది నిమిషాల్లో గుండె దాదాపు కూర్చున్నప్పటి స్థాయికి వచ్చేస్తుంది. ఆండియన్ కాండోర్ (దక్షిణ అమెరికా రాబందు) గాలిలో గడిపే సమయంలో రెక్క కొట్టేది 1 శాతం. ఒక కాండోర్ ఐదు గంటలపాటు, 172 కిలోమీటర్లు, ఒక్క రెక్క కొట్టకుండా పోయింది.

బాతుకు ఒంటి బరువుతో చూస్తే రెక్క వైశాల్యం తక్కువ. నెమ్మదిగా గుండ్రంగా తిరగబోతే పడిపోతుంది. అది మొత్తం దారి రెక్క కొట్టుకుంటూనే పోవాలి. నాలుగోది తీసెయ్యండి.

ఇక ఎవరెస్టు. శాటిలైట్ ట్యాగులు కట్టి చూసిన బాతుల్లో నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. 95 శాతం సమయం 5,500 మీటర్లలోపే ఉన్నాయి. కొండ ఎక్కడ వాలితే అక్కడ కిందికి దిగి, మళ్లీ ఎక్కి, నేలను అంటిపెట్టుకుని లోయల వెంట పోతాయి.

చెరువుగట్టు

దిగి మళ్ల ఎక్కుడు దండుగ కదా అన్నా? ఒకటేసారి ఎక్కి సీదా పోతే మిగులుతది కదా?

రెక్కలెక్క

అందరూ అలాగే అనుకుంటారు, కానీ లెక్క వేస్తే కథ వేరు. 2.5 కిలోల బాతును 5,000 మీటర్లు పైకి ఎత్తడానికి: 2.5 × 9.81 × 5,000 = 1,22,600 జౌళ్లు, అంటే 123 కిలోజౌళ్లు. కండరం సామర్థ్యం 23 శాతం అనుకుంటే తిండి రూపంలో 533 కిలోజౌళ్లు. కొవ్వులో 14 గ్రాములు. ఒక చెంచాడు నూనె! ఎక్కడం కోసమని విడిగా అయ్యే ఖర్చు అంతే.

అసలు ఖర్చు పైన ఉండటంలో ఉంది. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం కింద ఉన్నదాంట్లో సగం. గాలి పల్చబడితే అదే బరువు మోయడానికి రెక్కను ఇంకా జోరుగా కొట్టాలి. బాతుల ఒంటి లోపల అమర్చిన, గుండె వేగం నమోదు చేసే పరికరాలతో 2015లో వెలువడిన కొలతల ప్రకారం, రెక్క వేగం 5 శాతం పెరిగితే గుండె వేగం 19 శాతం, శక్తి ఖర్చు 41 శాతం పెరుగుతుంది. రెక్క లెక్కలో చిన్న తేడా, బిల్లులో పెద్ద తేడా. అందుకే కొండ దిగిన చోటల్లా దట్టమైన గాలిలోకి దిగి, మళ్లీ ఎక్కడమే చవక.

ఉత్తరానికి పోయేటప్పుడు 7, 8 గంటల్లో 4,000 నుంచి 6,000 మీటర్లు ఎక్కుతాయి. ఎక్కువగా రాత్రి, తెల్లవారుజాము. అప్పుడు గాలి చల్లగా, కాస్త దట్టంగా, సుళ్లు లేకుండా ఉంటుంది. వెనకగాలి కోసం ఎదురుచూసినట్టు కూడా కనబడలేదు.

నీటికోడి_హన్మకొండ

ఆ పల్చటి గాలిలో ఊపిరి ఎలా అందుతుందో ఒక ముక్క. పక్షి ఊపిరితిత్తిలో గాలి ఒకే దిశలో పారుతుంది. మనలా అదే గొట్టంలో లోపలికి, బయటికి కాదు. చాలా జాతుల్లో తొమ్మిది గాలి సంచులు కొలిమితిత్తుల్లా పనిచేస్తాయి. పీల్చిన గాలి ముందు వెనక సంచుల్లోకి, వదిలేటప్పుడు అక్కడి నుంచి ఊపిరితిత్తిలోకి, రెండోసారి పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, రెండోసారి వదిలినప్పుడు బయటికి. ఒక గుక్క గాలి బయటపడాలంటే రెండు ఊపిర్లు. వాడిన గాలి, తాజా గాలి కలవవు కాబట్టి అదే గాలిలోంచి ఎక్కువ ఆక్సిజన్ లాగుతుంది.

ఇది కోడికీ ఉంది, కొంగకూ ఉంది. పట్టెతల బాతుకు అదనం ఏమిటంటే రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసులో 119వ చోట ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం బదులు అలనిన్ అనేది ఉండటం. ఆ ఒక్క మార్పుతో ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఊపిరితిత్తులు పెద్దవి, గుండె కండరంలో, రొమ్ము కండలో సన్నని రక్తనాళాలు ఒత్తుగా ఉంటాయి.

"ఎత్తులో ఎగరడం నేర్చుకుంది" అని బోర్డు మీద రాయొద్దు. ఇందులో నేర్చుకోవడం ఏమీ లేదు, పుట్టుకతో ఉన్న సరంజామా.

చెరువుగట్టు

మరి ఐదోది? ఖాళీ ఖాళీగనే ఉన్నది.

రెక్కలెక్క

శ్రీరాంసాగర్ నుంచి టిబెట్ చెరువులకు 1,500 కిలోమీటర్లు అనుకుందాం. ఎదురుగాలి, వెనకగాలి లేవనుకుందాం. రెండు దారుల్లో లెక్క వేయొచ్చు, రెండూ కలవవు. అది ముందే చెప్తున్నా.

మొదటి దారి: ఊరికే కూర్చున్నప్పుడు ఈ బాతు ఖర్చు 7 వాట్లు అనుకుంటే, రెక్క కొట్టి ఎగిరేటప్పుడు దానికి 12 రెట్లు, అంటే 85 వాట్లు. సెకనుకు 18 మీటర్ల వేగంతో 1,500 కిలోమీటర్లకు 23 గంటలు. మొత్తం 7,080 కిలోజౌళ్లు, 39తో భాగిస్తే 182 గ్రాములు.

రెండో దారి విమానాలకు వాడే సూత్రం. కొవ్వులోని శక్తిని కండర సామర్థ్యంతో గుణించి, భూమ్యాకర్షణతో భాగిస్తే 914 కిలోమీటర్లు వస్తుంది. దాన్ని లిఫ్ట్‌కూ (పైకి ఎత్తే బలం) డ్రాగ్‌కూ (గాలి వెనక్కి లాగే బలం) ఉన్న నిష్పత్తితో గుణించాలి. తర్వాత మొదటి బరువును చివరి బరువుతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌తో గుణిస్తే దూరం. నిష్పత్తి 10 అనుకుంటే 2.5 కిలోలతో బయల్దేరిన బాతు 378 గ్రాములు కాల్చాలి. 15 అనుకుంటే 259.

కందనకాయ

182, 259, 378. పెయింటర్ ఏది రాయాలె సార్? 😄

రెక్కలెక్క

ఏదో ఒకటి రాస్తే అది తప్పే. "12 రెట్లు" అనే గుణకం జాతిని బట్టి, వేగాన్ని బట్టి చాలా మారుతుంది. విమాన సూత్రంలో ఆ నిష్పత్తి ఊహ, 23 శాతం కూడా ఊహే. మొదటి దారిలో 85 బదులు 150 వాట్లు పెట్టి చూస్తే 320 గ్రాములు. "200 నుంచి 400 గ్రాముల మధ్య" అని రాయండి, అది నిలబడుతుంది.

ఆ లాగరిథమ్‌లో ఒక మెలిక ఉంది. కొవ్వు రెండింతలైతే దూరం రెండింతలు కాదు, ఎందుకంటే ఆ కొవ్వును మోయడానికీ కొవ్వు కాలాలి. కానీ కాలేకొద్దీ ఒళ్లు తేలికై, చివరి కిలోమీటర్లు మొదటివాటి కంటే చవకవుతాయి. గాడ్‌విట్‌కు 55 శాతం కొవ్వు, నిష్పత్తి 15 పెడితే 10,950 కిలోమీటర్లు వస్తుంది. 2022లో ఐదు నెలల వయసున్న పిల్ల పిట్ట అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు దిగకుండా పోయింది. తేడాను వెనకగాలి, కరిగిన కండ పూడ్చాలి.

గాలి సంగతి ఎప్పుడూ మర్చిపోవద్దు. 18 మీటర్ల వేగానికి ఎదురుగా 9 మీటర్ల గాలి వీస్తే నేల మీద వేగం సగం, కిలోమీటరు ఖర్చు రెట్టింపు.

నీటికోడి_హన్మకొండ

కొవ్వు కాకుండా రెండో హద్దు వేడి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 150 వాట్లలో రెక్కకు చేరేది 23 శాతమే, మిగతా 115 వాట్లు వేడి. గంటకు 416 కిలోజౌళ్ల వేడి. అదే గంటలో దాదాపు 14 గ్రాముల కొవ్వు కాలుతుంది, గ్రాముకు 1.07 గ్రాముల చొప్పున దాదాపు 15 గ్రాముల నీరు పుడుతుంది. ఆ నీళ్లన్నీ ఆవిరి చేసినా పోయే వేడి 36 కిలోజౌళ్లు, పదో వంతు కూడా కాదు! మిగతాది రెక్కల కింద, కాళ్ల మీద చల్లగాలి తీసుకుపోవాలి. గాలి వేడిగా ఉంటే పక్షి ఒంట్లో నీళ్లు ఖర్చు పెట్టాల్సి వస్తుంది, అప్పుడు కొవ్వు మిగిలి ఉండగానే నీళ్లు అయిపోతాయి.

అందుకే చాలా పిట్టల ప్రయాణం రాత్రి. పగలు కూడా ఎగరాల్సి వస్తే ఇంకా పైకి పోతాయి: గ్రేట్ స్నైప్ అనే ఉల్లంకి పగటిపూట 8,700 మీటర్ల దాకా ఎక్కినట్టు నమోదైంది. వరంగల్లో ఏప్రిల్ ఎండ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఇంకో మాట. చాతక పక్షి వాన చినుకు తప్ప తాగదని అంటాం కదా. దాని తిండి ముఖ్యంగా గొంగళి పురుగులు. పురుగు ఒంట్లో నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లే. చెరువు దగ్గర తాగుతూ కనబడకపోతే వింత లేదు.

గోదారిగాలి

రెండో నంబరు మిగిలింది. 70 శాతం అన్నది 1970లో వచ్చిన గణిత లెక్క నుంచి పుట్టింది. 25 పక్షులు సరిగ్గా వరుస కడితే వెళ్లగలిగే దూరం 71 శాతం పెరగొచ్చని అందులో ఉంది. దూరం 71 శాతం పెరగడం వేరు, శక్తి 71 శాతం మిగలడం వేరు. దూరం 1.71 రెట్లైతే కిలోమీటరు ఖర్చు 58 శాతానికి దిగుతుంది, ఆదా 42. అది కూడా కాగితం మీద. నిజంగా గూడబాతులకు గుండె కొలతలు పెట్టి చూస్తే, వరుసలో పోయేటప్పుడు గుండె 11 నుంచి 14 శాతం నెమ్మదించింది.

లాభం ఎక్కడి నుంచి వస్తుందంటే, ముందు పిట్ట రెక్క కొస దాటిన చోట గాలి పైకి లేస్తుంది. వెనక పిట్ట తన రెక్కను సరిగ్గా ఆ లేచే గాలిలో పెట్టాలి, రెక్క కొట్టే తాళం కూడా కలపాలి. నేరుగా వెనక నిలబడితే కిందికి తోసే గాలి తగిలి నష్టమే.

తూనీగ

పురుగులను మర్చిపోతున్నారు. వానలయ్యాక మన పొలాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగ, పంటాలా ఫ్లావెసెన్స్, బరువు గ్రాములో మూడో వంతు. మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతుందని 2009లో ప్రతిపాదించారు. పోయే తూనీగ, తిరిగొచ్చే తూనీగ ఒకటి కావు, మధ్యలో తరాలు మారతాయి. వెడల్పాటి వెనక రెక్కలతో జారుతూ, పైన వీచే గాలి మీద ఎక్కువ దూరం గడుపుతాయి. ఈశాన్యం నుంచి గాలి మళ్లే అదను చూసే అముర్ డేగలు కూడా అరేబియా సముద్రం దాటుతాయి. 150 గ్రాముల డేగ దిగడానికి చోటు లేని 3,000 కిలోమీటర్ల నీళ్ల మీద పోతుంది. దారిలో ఈ తూనీగలనే తింటుందన్నది ఒక ఊహ.

మిడత లెక్క ఇంకో తీరు. మొదటి ఇరవై, ముప్పై నిమిషాలు రక్తంలోని చక్కెరతో ఎగురుతుంది, తర్వాత ఒక హార్మోన్ విడుదలై కొవ్వు మీదికి మళ్లుతుంది. ఎగరాలంటే రొమ్ము కండ వేడెక్కాలి, కాబట్టి సాయంత్రం దిగి చెట్లకు పట్టుకుంటుంది. 2020లో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చి సరిహద్దు జిల్లాలు అప్రమత్తమైనప్పుడు మందు కొట్టే వేళ రాత్రి, తెల్లవారుజాము అన్నది ఇందుకే. ఎండెక్కితే డ్రమ్ము కొట్టినా పక్క చేనుకు తోలడమే, చావదు.

చెరువుగట్టు

మస్తు సమాచారం. ఒకటి అడుగుత. బోర్డు కింద "పక్షులను లేపకండి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. డ్రోన్లు, మోటార్ పడవలు వస్తనే ఉన్నయి. లెక్కతోని చెప్పే ముక్క ఏమన్న ఉన్నదా?

కందనకాయ

ఉన్నది. ఒకసారి లేపితే పది నిమిషాలు తిరిగి దిగింది అనుకో. 150 వాట్లు, 600 సెకన్లు: 90 కిలోజౌళ్లు. 2.3 గ్రాముల కొవ్వు. చిన్నగనే అనిపిస్తది. వడ్లల చెప్పు. గ్రాము గింజల ఒంటబట్టేది 11 కిలోజౌళ్లు అనుకుంటే 8 గ్రాముల గింజ. వెయ్యి గింజలు 22 గ్రాములు తూగే దొడ్డు వడ్లయితే 370 గింజలు. కోసిన మడిల రాలిన గింజలు ఒక్కొక్కటి ముక్కుతోని ఏరుకొని పూడ్చుకోవాలె. రోజుకు ఐదుసార్లు లేపితే 1,850 గింజలు, దానికి తోడు ఏరుకునే టైము పోయె. ఊక తీసేస్తే ఇంకా ఎక్కువే కావాలె. రైతులు వచ్చి చదివే బోర్డు కాబట్టి వడ్లల రాస్తే అర్థమైతది.

నీటికోడి_హన్మకొండ

బోర్డు మీద కాకపోయినా ఇక్కడ ఉండాల్సిన ముక్క: మార్చి, ఏప్రిల్‌లో సొమ్మసిల్లి నేల మీద పడ్డ వలస పక్షి దొరికితే ఏం చేయాలి.

రొమ్ము మధ్య ఎముకను వేలితో తాకి చూడండి. రెండు పక్కలా కండ నిండుగా ఉంటే అలసట, లేదా దెబ్బ. ఎముక కత్తి అంచులా తగిలితే కొవ్వు అయిపోయి కండ కరుగుతోందన్నమాట, అది ప్రమాదం. గాలి రంధ్రాలున్న అట్టపెట్టె, అడుగున పాత గుడ్డ, చీకటి, నిశ్శబ్దం. చలిగా ఉంటే పక్కన గోరువెచ్చటి నీళ్ల సీసా. మన ఎండల్లో అది అక్కర్లేదు, నీడ చాలు.

ఎక్కువగా జరిగే తప్పు నోట్లో నీళ్లు పోయడం. పక్షికి శ్వాసనాళం నోరు నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నె పక్కన పెట్టండి, అదే తాగుతుంది. రెండో తప్పు అన్నం, బ్రెడ్ కుక్కడం. పైన కందనకాయ అన్న చెప్పినట్టు ఆ పేగులు చిన్నబడి ఉన్నాయి, అరగదు. ఇంట్లో ఉంచుకోకుండా అటవీ శాఖకు అప్పజెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దగ్గర పెట్టుకోవడమే నేరం.

చెరువుగట్టు

సరే, మార్చి రాసిన:

1. పట్టెతల బాతు సగటున 7,290 మీటర్ల ఎత్తున హిమాలయాలు దాటుతది. కొండ వాలు వెంట దిగుతూ, ఎక్కుతూ పోతది.
2. వరుసల పోతే వెనక పక్షికి శ్రమ తగ్గుతది. గూడబాతులల్ల గుండె 11–14 శాతం నెమ్మదైంది.
3. బయల్దేరే ముందు కొవ్వు కూడబెట్టుకుంటది. టిబెట్ దాకా 200–400 గ్రాములు కాలుతది.
4. ఒక్కసారి లేపితే 370 వడ్ల గింజల తిండి పోయినట్టు.

గోదారిగాలి

మొదటి లైన్లో "సగటున" కొట్టెయ్. 7,290 అన్నది నమోదైన గరిష్ఠం, ఒక బాతుది. "నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు, ఎక్కువ సమయం 5,500 లోపే" అని పెట్టు.

రెక్కలెక్క

నాలుగో లైన్లో "పది నిమిషాలు ఎగిరితే" అని కలపండి, లేకపోతే ఆ 370కి అర్థం లేదు. "సుమారు" కూడా.